ఆర్క్ ఫ్లాష్: తీగను ముట్టుకోకపోయినా కాల్చేసే కరెంట్.. ఎలక్ట్రీషియన్ ఒంటిమీద ఏ బట్టలుండాలి? వాటిని ఎలా ఉతకాలి?

కరెంట్ ప్రమాదం అనగానే మనకు తట్టేది షాక్. తీగ తగిలింది, కొట్టింది, మనిషి పడిపోయాడు. అయితే తీగను ముట్టుకోకుండానే, ప్యానెల్‌కు అడుగున్నర దూరంలో నిలబడిన మనిషి ముఖం, చేతులు, ఛాతీ కాలిపోయే ప్రమాదం ఇంకొకటి ఉంది. దాని పేరు ఆర్క్ ఫ్లాష్. పనిచేసేవాళ్లు ‘ఫ్లాష్ కొట్టింది’ అనేస్తారు. వార్తల్లో మాత్రం ఇది ‘షార్ట్ సర్క్యూట్‌తో మంటలు.. ఎలక్ట్రీషియన్‌కు గాయాలు’ అనే ఒక్క లైనుతో ముగిసిపోతుంది.

మన దేశంలో విద్యుదాఘాతంతో చనిపోతున్నవారు ఏటా 12 వేలకు పైనే ఉంటున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఇటీవలి సంవత్సరాల నివేదికలు చెబుతున్నాయి. ఆ పట్టికల్లో ఆర్క్ ఫ్లాష్ కాలిన గాయాలకు ప్రత్యేకంగా గడి లేదు. లెక్కలో లేని ప్రమాదం బడ్జెట్‌లోనూ కనిపించదు. హెల్మెట్, గ్లోవ్స్, సేఫ్టీ బెల్ట్ గురించి మాట్లాడే అధికారులు చొక్కా గురించి మాట్లాడకపోవడానికి ఇదొక కారణం.

అసలు ఆ క్షణంలో ఏం జరుగుతుంది?

కరెంట్ మామూలుగా లోహం గుండా పోతుంది. రెండు ఫేజుల మధ్య స్పానర్ జారిపడినా, నట్టు వదులై ఉన్నా, ప్యానెల్‌లోకి ఎలుకో బల్లో దూరినా, దుమ్ముకు తేమ తోడైనా కరెంట్ గాలి గుండా దూకుతుంది. అప్పుడు ఆ గాలే వాహకంగా మారిపోతుంది. ఆర్క్ మధ్యలో వేడి దాదాపు 19 వేల డిగ్రీల సెల్సియస్ వరకు వెళ్తుందని చెబుతారు. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలు. షాక్‌తో సంబంధం లేని ఈ ప్రమాదాన్ని అమెరికా ఇంజినీర్ రాల్ఫ్ లీ 1982లో ఒక పరిశోధనా పత్రంలో లెక్కలతో సహా చూపించారు. అప్పటిదాకా పరిశ్రమ దీన్ని విడిగా పట్టించుకున్నది తక్కువ.

ఆ వేడికి బస్‌బార్లలోని రాగి ఆవిరైపోతుంది. రాగి ఆవిరైతే దాని పరిమాణం దాదాపు 67 వేల రెట్లు పెరుగుతుందని అంచనా. అందుకే పెద్ద శబ్దంతో ప్యానెల్ తలుపు ఊడి ఎగిరిపడుతుంది, కరిగిన లోహం చిందుతుంది. ఇదంతా చాలాసార్లు ఒక్క సెకను కూడా పట్టదు. తప్పుకునే వ్యవధి మనిషికి దొరకదు. ఆ క్షణానికి ఒంటిమీద ఏం ఉందో అదే రక్షణ.

‘ఇవన్నీ 11 కేవీ, 33 కేవీ వాళ్ల గొడవలు, మా అపార్ట్‌మెంట్‌లో ఉండేది 415 వోల్టులే కదా’ అనుకోవద్దు. మూడు ఫేజుల 415 వోల్టుల ప్యానెల్‌లో, వెనక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, ఆర్క్ తనంతట తాను ఆరిపోకుండా నిలబడగలదు. ఇక్కడ వోల్టేజీ కంటే ఫాల్ట్ వచ్చినప్పుడు ఎన్ని ఆంపియర్లు దూసుకొస్తాయి, ఎంతసేపు వస్తాయి అన్నవే ముఖ్యం.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చారా? లెక్కా మారింది

చర్మానికి తగిలే వేడిని చదరపు సెంటీమీటరుకు ఇన్ని కెలొరీలు అని కొలుస్తారు. 1.2 కెలొరీలు తగిలితే చర్మం బొబ్బలెక్కే రెండో స్థాయి గాయం మొదలవుతుంది. దుస్తుల ఎంపిక మొత్తం ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది. బట్ట దాటి చర్మం దాకా వచ్చే వేడి 1.2 దాటకూడదు.

ఒక ప్యానెల్ ముందు ఎన్ని కెలొరీలు వస్తాయన్నది ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది. ఫాల్ట్ కరెంట్ ఎంత, బ్రేకర్ లేదా ఫ్యూజ్ దాన్ని ఎంతసేపట్లో తెంచుతుంది, మనిషి ఎంత దూరంలో ఉన్నాడు.

మొదటిది చూద్దాం. ఈ కొన్నేళ్లలో ఏసీల వాడకం పెరగడంతో కాలనీల్లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసి 315 కేవీఏ పెట్టడం మామూలైంది. ఇంపీడెన్స్ 4.5 శాతం అనుకుంటే, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినళ్ల దగ్గర ఫాల్ట్ కరెంట్ దాదాపు 3 వేల ఆంపియర్లు. 315 కేవీఏ అయితే 9 వేలు దాటుతుంది. అదే స్తంభం, అదే బాక్సు, అదే లైన్‌మన్. ఒంటిమీదున్న యూనిఫాం కూడా అదే. ప్రమాదం మాత్రం మూడింతలు.

రెండోదైన సమయం ఇంకా కీలకం. మిగతావన్నీ ఒకేలా ఉంటే ఆర్క్ ఎంతసేపు వెలిగితే అంత వేడి. 0.1 సెకనులో బ్రేకర్ పడితే 4 కెలొరీలు వచ్చే చోట, అది 0.5 సెకను తీసుకుంటే 20 కెలొరీలు వస్తాయి. 8 కెలొరీల దుస్తులు మొదటి సందర్భంలో చాలు, రెండో సందర్భంలో చాలవు.

ఇక మనకు బాగా తెలిసిన అలవాటు ఒకటుంది. ఫ్యూజ్ తరచూ పోతోందని దాని చోట మందపాటి రాగి తీగో, అల్యూమినియం తీగో చుట్టేయడం. లోడ్‌కు అది తాత్కాలిక పరిష్కారంలా కనిపిస్తుంది. ఫాల్ట్ వచ్చినప్పుడు మాత్రం ఆ తీగ తెగడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ లెక్కగట్టలేరు. ఎంత ఖరీదైన సూట్ ఇచ్చినా ఆ ఒక్క తీగ ముక్క దాన్ని పనికిరాకుండా చేయగలదు. కాబట్టి ‘ఏ దుస్తులు కొనాలి’ అని అడిగేవాళ్లకు మొదటి జవాబు దుస్తుల దుకాణంలో దొరకదు, ఫ్యూజ్ బాక్సు దగ్గర దొరుకుతుంది.

మూడోది దూరం. తక్కువ వోల్టేజీ ప్యానెళ్లకు సాధారణంగా 45 సెంటీమీటర్ల దూరాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అది ముఖానికి, ఛాతీకి. లోపలికి పెట్టిన చేతులు అంతకంటే దగ్గరగా ఉంటాయి.

ఈ లెక్కలు వేసే పద్ధతిని అమెరికాకు చెందిన ఐఈఈఈ సంస్థ 1584 నంబరు మార్గదర్శకంగా 2002లో ఇచ్చింది, 2018లో సవరించింది. పెద్ద ఫ్యాక్టరీలు, డేటా సెంటర్లు, ఆస్పత్రులు కన్సల్టెంట్లతో ఈ అధ్యయనం చేయించి ప్రతి ప్యానెల్ మీద కెలొరీల స్టిక్కర్ అంటిస్తాయి. స్టిక్కర్ ఉందంటే లెక్క జరిగిందని అర్థం. అయితే ట్రాన్స్‌ఫార్మర్ గానీ, బ్రేకర్ సెట్టింగ్ గానీ మారిస్తే ఆ స్టిక్కర్ పాతబడిపోయినట్టే.

మామూలు యూనిఫాంతో వచ్చే చిక్కేంటి?

యూనిఫాం టెండర్లలో పాలిస్టర్ కలిసిన బట్టే ఎక్కువగా ఉంటుంది. చవక, నలగదు, రంగు పోదు. ఆర్క్ వేడికి పాలిస్టర్, నైలాన్ కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఆస్పత్రిలో గాయాన్ని శుభ్రం చేయాలంటే బట్టతోపాటు చర్మాన్నీ తీయాల్సి వస్తుంది.

మరి కాటన్? కరగదు, నిజమే. కానీ అంటుకుంటుంది. ఆర్క్ అర సెకనులో ఆగిపోయినా అంటుకున్న చొక్కా మండుతూనే ఉంటుంది. చాలా ప్రమాదాల్లో ఒళ్లు ఎక్కువగా కాలేది ఆర్క్ వల్ల కాదు, తర్వాత మండే బట్టల వల్ల. ‘జీన్స్ మందంగా ఉంటుంది కదా’ అనే మాట కూడా ఇందుకే నిలవదు.

ఆర్క్ రక్షణ బట్టలు రెండు రకాలు. నోమెక్స్ లాంటి అరామిడ్ నూలు, మోడాక్రిలిక్ మిశ్రమాలు స్వభావసిద్ధంగానే మంటను ఆపుతాయి. రెండోది రసాయనంతో శుద్ధి చేసిన కాటన్, లేదా కొంచెం నైలాన్ కలిపి నేసి శుద్ధి చేసిన కాటన్. మొదటివి సాధారణంగా తేలిక, ధర ఎక్కువ. రెండోవి బరువు, ధర తక్కువ, అయితే ఉతకడంలో జాగ్రత్త మరింత అవసరం. పరీక్షలో నెగ్గిన బట్ట ఏదైనా పనిచేస్తుంది. మన ఎండల్లో రోజంతా తొడుక్కోగలిగేది ఏది అన్నదే అసలు తేడా.

దుకాణంలో ‘ఫైర్ రిటార్డెంట్’ అని రాసి ఉంటే సరిపోదు. వెల్డింగ్ నిప్పురవ్వలకు ఆగే బట్ట ఆర్క్‌కు ఆగుతుందని హామీ లేదు. ఆర్క్ పరీక్ష చేసిన ప్రతి బట్టా మంటను ఆపుతుంది, మంటను ఆపే ప్రతి బట్టకూ ఆర్క్ పరీక్ష జరిగి ఉండదు.

లేబుల్ మీద ఏం చూడాలి?

చొక్కా లోపల కుట్టిన లేబుల్ చదవండి. అంతర్జాతీయ ప్రమాణమైతే ఐఈసీ 61482, అమెరికా ప్రమాణమైతే ఏఎస్‌టీఎం ఎఫ్1506 అని ఉండాలి. పక్కనే కెలొరీల అంకె ఉండాలి. దాన్ని ఏటీపీవీ అనో, ఈబీటీ అనో, ఈలిమ్ అనో రాస్తారు.

ఇక్కడ అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఏటీపీవీ 8 అంటే 8 కెలొరీల దాకా పూర్తి భద్రత అని కాదు. అంత వేడి తగిలితే రెండో స్థాయి గాయం అయ్యే అవకాశం 50 శాతం అని అర్థం. అంటే సగం సగం. ఈలిమ్ అన్నది అంతకంటే కఠినమైన కొలత, గాయం కాని గరిష్ఠ స్థాయిని చెబుతుంది. అందుకే ప్యానెల్ దగ్గర 8 కెలొరీలు వస్తాయని తేలితే సరిగ్గా 8 అని రాసి ఉన్న చొక్కా కొనడం తెలివైన పని కాదు. కొంత పైకి వెళ్లాలి.

కొన్ని లేబుళ్ల మీద కెలొరీలకు బదులు ఏపీసీ 1, ఏపీసీ 2 అని ఉంటుంది. అది యూరప్‌లో వాడుకలో ఉన్న పెట్టె పరీక్ష. 4 వేల ఆంపియర్ల ఆర్క్‌ను అర సెకను తట్టుకుంటే మొదటి తరగతి, 7 వేల ఆంపియర్లను తట్టుకుంటే రెండోది. ఈ తరగతులను నేరుగా కెలొరీల్లోకి మార్చుకోకూడదు. మీ ప్యానెల్ లెక్క కెలొరీల్లో ఉంటే కెలొరీల లేబులే అడగండి.

లెక్క వేయించే స్తోమత లేనిచోట అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 70ఈలోని పట్టికలు కొంత దారి చూపుతాయి. అందులో నాలుగు మెట్లు: 4, 8, 25, 40 కెలొరీలు. వీటిని కళ్లు మూసుకుని వాడేయలేం. ఫాల్ట్ కరెంట్, బ్రేకర్ వేగం ఫలానా హద్దుల్లో ఉంటేనే పట్టిక వర్తిస్తుంది. ఆ హద్దులు తెలియాలన్నా ఎవరో ఒక ఇంజినీర్ కూర్చుని చూడాల్సిందే.

ఆచరణలో చాలా సంస్థలు అనుసరించే దారి ఏమిటంటే, రోజువారీ యూనిఫామే 8 కెలొరీలకు పైబడిన చొక్కా, ప్యాంటు. పెద్ద ప్యానెళ్లలో బ్రేకర్ బయటికి లాగడం లాంటి పనులకు మాత్రం 40 కెలొరీల సూట్, ముసుగుతో. 40 కెలొరీల సూట్ ఒక్కటి కొని బీరువాలో పెట్టి తాళం వేసే సంస్థలూ ఉన్నాయి. అది ఆడిటర్‌కు చూపించడానికి పనికొస్తుంది.

పైన రెయిన్‌కోట్.. కింద బనియన్

మంచి చొక్కా తొడిగి దాని మీద పాలిస్టర్ రిఫ్లెక్టివ్ జాకెట్ వేస్తే ప్రయోజనం పోయినట్టే. మంటకు ముందుగా ఎదురయ్యేది పై పొర. అదే కరిగితే? వానాకాలంలో ఈ సమస్య మరీ ఎక్కువ. ఈదురుగాలికి లైన్లు తెగి, అర్ధరాత్రి ఫోన్ వస్తే లైన్‌మన్ ప్లాస్టిక్ రెయిన్‌కోట్ వేసుకునే బయల్దేరతాడు. ఆర్క్ రేటింగ్ ఉన్న రెయిన్‌కోట్లు, జాకెట్లు మార్కెట్‌లో ఉన్నాయి. చొక్కా కొనే ఆర్డర్‌లోనే వాటినీ కలపాలి. లేకపోతే జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ చొక్కా ఉన్నా లేనట్టే.

లోపల నైలాన్ బనియన్, పాలిస్టర్ టీషర్ట్ వద్దు. కాటన్ బనియన్ వేసుకోవచ్చు. కానీ దాన్ని రేటింగ్‌లో కలిపి లెక్కేయకూడదు. 4 కెలొరీల చొక్కా మీద 8 కెలొరీల జాకెట్ వేస్తే 12 అవుతుందన్నది కూడా తప్పు లెక్క. ఆ రెండింటినీ కలిపి పరీక్షించి తయారీదారు ఇచ్చిన అంకె మాత్రమే చెల్లుతుంది.

బిగుతుగా కుట్టించుకోవద్దు. బట్టకూ ఒంటికీ మధ్య ఉండే గాలి పొర కూడా వేడిని ఆపుతుంది. చేతులు మడిచి, పై గుండీలు విప్పి పనిచేస్తే రేటింగ్ ఆ విప్పిన చోట సున్నా. తెలంగాణలో మహిళలు కూడా జేఎల్ఎంలుగా స్తంభాలు ఎక్కుతున్నారు. మగవాళ్ల కొలతల యూనిఫామే వాళ్లకీ ఇస్తే వేలాడే చేతులు మరో ప్రమాదం. ఆర్డర్ పెట్టేటప్పుడే కొలతలు తీసుకోవాలి. చేతి కడియం, మెడలో గొలుసు, లోహపు పట్టీ ఉన్న గడియారం, ఉంగరం.. పనికి ముందు తీసి జేబులో కాదు, బ్యాగులో పెట్టాలి.

తలకు హెల్మెట్ ఉంటే ముఖానికి రక్షణ ఉన్నట్టు కాదు. మామూలు ప్లాస్టిక్ ఫేస్ షీల్డ్ కూడా చాలదు. రేటింగ్ ఉన్న షీల్డ్ కావాలి, దాని కింద తల వెనక, మెడ కప్పేలా బలక్లావా ఉండాలి. 12 కెలొరీలు దాటితే తలంతా కప్పే ముసుగు తప్పనిసరి అని ఎన్ఎఫ్‌పీఏ 70ఈ చెబుతుంది.

గంజి పెట్టారో, పాడైనట్టే

కొనడం ఒక్కరోజు పని, ఉతకడం ఏళ్ల తరబడి పని. మన ఇళ్లలో ఈ బట్టలు ఎలా పాడవుతాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

యూనిఫాం నిలబడాలని గంజి పెడతాం. గంజి అంటే పిండి, పిండి మండుతుంది. బట్ట మంటను ఆపుతుంటే పైన పూత మండుతుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా అంతే, మండే పొరను మిగిల్చి వెళ్తుంది. మరకలు పోవడానికి వాడే క్లోరిన్ బ్లీచ్ నూలును బలహీనపరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న పొడులు శుద్ధి చేసిన కాటన్‌కు మరీ చేటు, దాని రక్షణ గుణాన్నే తీసేస్తాయి. సర్ఫ్ ప్యాకెట్ మీద ‘బ్లీచ్ ఉంది’ అని ఉందేమో ఒకసారి చూసుకోవాలి.

బోరు నీళ్లతో ఇంకో ఇబ్బంది. ఉప్పునీటిలో బట్టల సబ్బు సరిగా కరగదు, తెల్లటి జిడ్డుగా నూలులో పేరుకుంటుంది. అది కూడా మండుతుంది. హైదరాబాద్ శివార్లలో, పల్నాడులో, ప్రకాశంలో ఉప్పునీళ్లతో ఉతికేవాళ్లు సబ్బు బిళ్ల మాని ద్రవ డిటర్జెంట్ వాడటం, రెండుసార్లు జాడించడం మంచిది. వీలైతే మంచినీళ్లు. బట్టను తిరగేసి, విడిగా ఉతకాలి. బ్రష్షుతో బండకేసి రుద్దకూడదు. నీడలో ఆరేయాలి, అరామిడ్ బట్టలకు ఎండ పడదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్, గ్రీజు మరకలున్న చొక్కాతో పనికి వెళ్లకూడదు. మండే వస్తువును ఒంటికి పూసుకున్నట్టే. ఉతికినా వాసన పోకపోతే ఆ చొక్కాను పక్కన పెట్టేయాలి. దోమల మందు స్ప్రే కూడా చొక్కా మీద కొట్టకూడదు.

చిరిగితే వీధి చివర టైలర్ దగ్గర మామూలు దారంతో కుట్టించడం అలవాటు. పాలిస్టర్ దారం ఆర్క్‌లో కరిగి కుట్టు విడిపోతుంది. అదే రకం బట్ట ముక్క, అరామిడ్ దారం కావాలి. కంపెనీ లోగో ఉన్న ప్లాస్టిక్ స్టిక్కర్లు, సింథటిక్ ఎంబ్రాయిడరీ ఛాతీ మీద వేయించడం కూడా ఇలాంటి తప్పే, కాకపోతే ఇది యాజమాన్యాలు చేసే తప్పు.

ఎన్నేళ్లు వాడొచ్చు అనేదానికి ఒక్క జవాబు లేదు. మోచేతుల దగ్గర పల్చబడ్డా, చిల్లులు పడ్డా, లేబుల్ చదవడానికి వీల్లేకుండా పోయినా మార్చాలి. ఒక్కసారి ఆర్క్‌కు గురైతే పైకి బాగానే కనిపించినా పారేయాలి.

ఎండల్లో ఎవరు తొడుక్కుంటారు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో 44, 45 డిగ్రీల ఎండలో 40 కెలొరీల సూట్ వేసుకుంటే మనిషి కొద్దిసేపటికే సొమ్మసిల్లే స్థితికి వస్తాడు. అందుకే ఎక్కువ కెలొరీలు అంటే ఎక్కువ భద్రత అని గుడ్డిగా కొనకూడదు. చెమట కళ్లలోకి కారుతుంటే, ముసుగులోంచి సరిగా కనబడకపోతే చేయి జారుతుంది, జారిన చేయే ఆర్క్‌కు కారణమవుతుంది. బ్రేకర్ సెట్టింగ్ సరిచేసి ప్యానెల్ దగ్గర కెలొరీలను 8 లోపుకు తేగలిగితే తేలికైన చొక్కాతోనే పని జరుగుతుంది. ఇంజినీర్ ఒకరోజు కూర్చుని చేసే ఆ పనికి బదులు పది సూట్లు కొని పంచితే ఎవరికీ మేలు లేదు.

ఇంకో హద్దు కూడా ఉంది. సూట్ వేడిని ఆపుతుంది, పేలుడు ఒత్తిడిని ఆపదు, పొగను ఆపదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. సొరంగంలో కమ్ముకున్న పొగ వాళ్లను బయటికి రానివ్వలేదు. అలాంటిచోట ఏ దుస్తులైనా చేయగలిగింది తక్కువ.

ఇవ్వాల్సింది ఎవరు?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనలు లైన్ల మీద పనిచేసేవారికి గ్లోవ్స్, రబ్బరు బూట్లు, సేఫ్టీ బెల్టులు, నిచ్చెనలు, ఎర్తింగ్ పరికరాలు, హెల్మెట్లు, లైన్ టెస్టర్లు ‘వంటివి’ ఇవ్వాలని, అవి ఎప్పుడూ మంచి స్థితిలో ఉండాలని చెప్పాయి. ఆ జాబితాలో చొక్కా, ప్యాంటు పేరు లేదు. ‘వంటివి’ అన్న మాటలోకి వస్తాయని వాదించొచ్చు, రావని తప్పించుకోవచ్చు కూడా. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. అమెరికాలో కార్మిక భద్రతా విభాగం 2014లోనే విద్యుత్ సంస్థలు ఆర్క్ వేడిని అంచనా వేసి, దానికి తగిన దుస్తులు కార్మికులకు సమకూర్చాలని నిబంధన తెచ్చింది.

ఇక్కడ డిస్కంల పర్మినెంట్ సిబ్బంది కంటే కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు, ప్రైవేటు ఎలక్ట్రీషియన్లు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. వాళ్లకు యూనిఫామే లేదు, ఇక రేటింగ్ మాట ఎక్కడిది? అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నిర్వహణ ఒప్పందం రాసుకునేటప్పుడు ఇది అడగొచ్చు. ప్యానెల్ తెరిచే మనిషికి లైసెన్స్ ఉందా, రేటింగ్ ఉన్న చొక్కా, ప్యాంటు, షీల్డ్ ఇస్తున్నారా, ఖర్చు ఎవరిది అని ఒప్పందంలో రాయించొచ్చు.

అంతకంటే ముందు అసోసియేషన్ చేతిలో ఉన్నది ఇంకోటి. కరెంట్ ఆపి పని చేయనివ్వడం. లిఫ్ట్ ఆగిపోతుందని, వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లు వాట్సాప్ గ్రూపులో గొడవ చేస్తారని ‘ఆఫ్ చేయకుండా బిగించెయ్ బాబూ’ అని సెక్రటరీ అంటే, ఆ కుర్రాడు కాదనలేడు. వచ్చే నెల కూడా పని కావాలి కదా. ముందురోజే నోటీసు పెట్టి అరగంట సరఫరా ఆపితే చాలావరకు ప్రమాదం అక్కడే పోతుంది. లైన్‌మన్లు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోకుండా లైను ముట్టుకోకూడదన్నది కూడా ఇందుకే. ఎల్‌సీ కోసం సరఫరా ఆపినప్పుడు కాలనీవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి తొందరపెట్టకపోవడం కూడా సాయమే.

అయితే ఆపిన తర్వాత కూడా టెస్టర్ పెట్టి కరెంట్ లేదని నిర్ధారించేదాకా అది ఉన్నట్టే లెక్క. స్విచ్ దించేటప్పుడు, టెస్టర్ పెట్టేటప్పుడు రక్షణ దుస్తులు ఒంటిమీద ఉండాలి. స్విచ్ ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి దించాలి. జనరేటర్, ఇన్వర్టర్, పైకప్పు సోలార్ నుంచి వెనక్కి వచ్చే కరెంట్‌ను మర్చిపోకూడదు. చేతులకు రబ్బరు గ్లోవ్స్, వాటి మీద తోలు గ్లోవ్స్ రెండూ ఉండాలి. రబ్బరు షాక్‌ను, తోలు వేడిని ఆపుతాయి. 1,000 వోల్టుల దాకా క్లాస్ 0, 11 కేవీకి క్లాస్ 2 గ్లోవ్స్ వాడతారు. వాడే ముందు ప్రతిసారీ గాలి ఊది, మణికట్టు దగ్గర మడిచి పట్టుకుని ఎక్కడైనా గాలి కారుతోందేమో చూడాలి. ఆరు నెలలకోసారి ల్యాబ్‌లో వోల్టేజీ పరీక్ష చేయించి ఆ తేదీ గ్లోవ్ మీద వేయించాలి. మీ ప్యానెల్ గదిలో మేకుకు వేలాడుతున్న జత మీద అలాంటి తేదీ ఏదైనా ఉందేమో, ఈసారి కిందికి దిగినప్పుడు చూడండి.